మేనమామ ఒడి

ఆసుపత్రిలో రాసిన మొదటి చీటీలోనే ముగిలన్‌ని ఆడపిల్లని చేసేశారు. తప్పు వాళ్ళది కాదు. ఆరేళ్ళ పిల్లాడికి నడుము దాకా జడ, దాని కొసన ఎర్ర రిబ్బను. తండ్రి సెంగోడన్ కౌంటరు దగ్గర వంగి, మగపిల్లాడండీ అని చెబితే, రాసుకుంటున్న అమ్మాయి కలం ఆపి జడ వంక, పిల్లాడి వంక, తండ్రి వంక వరసగా చూసింది. ఇలాంటి చూపులు ముగిలన్‌కి బడిలో అలవాటే.

"ఈ జుట్టు నాది కాదక్కా, అమ్మవారిది. మామ ఒళ్ళో కూర్చున్నాక ఇచ్చేస్తా" అన్నాడు.

ఆ అమ్మాయికి వెంటనే అర్థమైంది. కోయంబత్తూరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పిల్లాడి పుట్టువెంట్రుకలు ఇంటి దేవతవి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి. తండ్రి ఒడి చెల్లదు, తాత ఒడి చెల్లదు. మామూలుగా ఏడాది నిండేలోపు అయిపోతుంది, లేదంటే మూడో ఏట. ఆరేళ్ళు వచ్చినా జడ మిగిలిందంటే ఆ ఇంట్లో మేనమామ లేడన్నా అనుకోవాలి, ఉండీ మాటల్లేవన్నా అనుకోవాలి. ఆ అమ్మాయి ఏదనుకుందో గానీ చీటీలో తప్పు దిద్ది ఇచ్చింది.

మాటలు లేకుండా పోవడానికి కారణం ఒక ఆహ్వాన పత్రిక.

తిరుచెంగోడులో లారీలకు బాడీలు కట్టే షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదానిలో సెంగోడన్ అక్షరాలు రాస్తాడు. బండి నుదుటి మీద దేవుడు, దాని కింద ఓనరు పిల్లల పేర్లు, పక్క చెక్కల మీద ఊరి పేరు. ఎవరి పేరు ఎక్కడ ఉండాలో, ఎంత లావు ఉండాలో ఇరవై ఏళ్ళుగా వాడి చేతికి తెలుసు. ఒక ఓనరు రెండో భార్య పేరు మొదటి భార్య పేరు కన్నా వేలెడు పెద్దదిగా పడితే రాత్రికి రాత్రే చెరిపి మళ్ళీ రాసిన మనిషి. అలాంటివాడు సొంత కొడుకు పుట్టువెంట్రుకల పత్రిక తనే గీసి ప్రెస్సుకిచ్చాడు. పైన అమ్మవారు. కింద షెడ్డు ఓనరు రాజమాణిక్యంగారి పేరు, ఎర్రగా, లావుగా. ఆ తర్వాత సెంగోడన్ వైపు చుట్టాలంతా వరసగా. అట్టడుగున, ఎడమ మూలలో, ప్రెస్సు పేరుకి కాస్త పైన, చీమ తలకాయంత అక్షరాల్లో, నాచిముత్తు, మేనమామ.

నాచిముత్తు అంటే సెంగోడన్ భార్య పూంగొడికి ఒక్కగానొక్క తమ్ముడు. నామక్కల్ దారిలో కోళ్ళ ఫారం నడుపుతాడు. బావ కన్నా ఎనిమిదేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్దది. ఆ పత్రిక తిప్పి పంపాడు. తన పేరు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇది చదవడానికి భూతద్దం కూడా పంపాల్సింది బావా" అని రాశాడు. సెంగోడన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చోటు చాలక అలా పడింది, దానికింత రాద్ధాంతమా అన్నాడు. ఆ ఒళ్ళో నా కొడుకు కూర్చోడు, జుట్టు పెరిగి నేలకు తగిలినా సరే అని నలుగురిలో అనేశాడు. అన్న మాట మీద నిలబడటం తప్ప వాడికి వేరే ఆస్తి లేదు. అలా ఐదేళ్ళు గడిచాయి. పూంగొడి ఐదేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు.

ఈ ఏడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పిల్లాడికి జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళ మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు పడ్డాయి. ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే నోట్లోంచి రక్తం ఆగలేదు. ఊళ్ళో డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి, మందు రాయకుండా, కోయంబత్తూరు వెళ్ళమని ఆసుపత్రి పేరు రాసిచ్చాడు. అక్కడ నాలుగు రోజులు పరీక్షలు చేసి, నడుము ఎముకలోంచి మజ్జ తీసి చూసి, డాక్టరమ్మ భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి రక్త కేన్సరని చెప్పింది. ఈ రకానికి మంచి మందులున్నాయి, చాలామంది పిల్లలు బాగవుతారు, అందరూ అని మాత్రం చెప్పను అంది. రెండున్నరేళ్ళ వైద్యం. మొదటి నెల గట్టిది.

పూంగొడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సెంగోడన్ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"పుట్టువెంట్రుకలు తియ్యకపోవడం వల్ల వచ్చిందా, డాక్టరమ్మా?"

ఆమె నవ్వలేదు. దీనికీ జుట్టుకీ ఏమీ సంబంధం లేదు, మీరు చేసినదాని వల్లా రాలేదు, చెయ్యనిదాని వల్లా రాలేదు అని రెండుసార్లు చెప్పింది. సెంగోడన్ రెండుసార్లూ తలూపాడు. నమ్మలేదు. ఆ తర్వాత ఆమె ఒక మాట మామూలుగా చెప్పింది: ఇంకో రెండు మూడు వారాల్లో జుట్టు రాలిపోతుంది, పిల్లాడు బెదరకుండా ముందే చెప్పి ఉంచండి.

ఈ మాట సెంగోడన్ తల్లి అంగమ్మాళ్ చెవిన పడింది. అప్పటినుంచి ముసలామె లెక్క మొదలైంది. రాలినది ఇచ్చినట్టు కాదు. ఇవ్వక ముందే రాలిపోతే అమ్మవారు తన సొత్తు తానే లాక్కున్నట్టు. జుట్టుతో ఆగుతుందో, ఆగదో. ఈ చివరి ముక్క ఆమె పైకి అనలేదు, అననక్కర్లేకపోయింది. రోజూ పొద్దున్నే మనవడి తల దువ్వేటప్పుడు దువ్వెనలో ఎన్ని వెంట్రుకలు వచ్చాయో వెలుతురులో పెట్టి చూసేది.

పిల్లల వార్డులో సెంగోడన్ కంటికి కనిపించడమే తక్కువ. చీటీలు తీసుకెళ్ళాలన్నా, రక్తం ఇచ్చేవాళ్ళని వెతకాలన్నా, కాచిన నీళ్ళు తేవాలన్నా ముందు తనే లేచేవాడు. అందరూ ఎంత తిరుగుతున్నాడు పాపం అనుకున్నారు. నిజానికి మంచం పక్కన కూర్చోవడం వాడికి చేతకాలేదు. కొడుకు చేతికి సూది గుచ్చే వేళకి వాడు గాజు తలుపు అవతల ఉండేవాడు. పిల్లాడు అమ్మని పట్టుకుని ఏడ్చి, ఏడుపు ఆపాక లోపలికి వచ్చి, ఏం తింటావురా అని అడిగేవాడు.

అది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. మాత్రలు మొదలయ్యాక ముగిలన్‌కి ఆకలి రాక్షసాకలిగా మారింది. ఇడ్లీ తింటూ తింటూ దోశ గురించి అడిగేవాడు. కోడి వేపుడు కావాలి, దాంట్లో కారం ఎక్కువ వెయ్యాలి, ఎముకలు మెత్తగా ఉండాలి. ముఖం పూరీలా ఉబ్బింది. పక్క మంచం మీది గుండు పిల్లతో, నేను అమ్మవారికి ఇచ్చాకే గుండు అవుతా, నువ్వు ఊరికే అయిపోయావు అని గొప్పలు పోయేవాడు. ఆ పిల్ల ఏడిస్తే తన ఇడ్లీలో సగం ఇచ్చాడు.

తొమ్మిదో రోజున అంగమ్మాళ్ డాక్టరమ్మ కాళ్ళ మీద పడబోయింది. ఒక్క పూట పంపిస్తే గుడికెళ్ళి వచ్చేస్తామంది. డాక్టరమ్మ ఆమెని లేవదీసి, గుడి మాట ఎత్తొద్దు, జనంలోకి వెళ్తే పిల్లాడికి ఏది అంటుకున్నా ప్రాణం మీదికి వస్తుంది అని గట్టిగానే చెప్పింది. కత్తి అసలు తగలకూడదు, చిన్న గాటు పడ్డా రక్తం ఆగదు. చెవులు కుట్టడం మాట మరిచిపోండి. కావాలంటే శుక్రవారం ఇక్కడికే జుట్టు తీసే మిషన్ పట్టుకుని ఒకతను వస్తాడు, వార్డు చివరి గదిలో తీయించుకోండి, ఎవరి ఒళ్ళో అయినా కూర్చోబెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఒళ్ళో అన్న మాట ఆమె నోటి నుంచే రావడంతో ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అమ్మవారు గుడి వదిలి ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నట్టే. ఇక ఒప్పుకోవాల్సింది సెంగోడన్.

వాడు ఆ సాయంత్రమంతా వరండాలో పచార్లు చేశాడు. వెళ్ళి అడగడమంటే తల కొట్టేసినట్టు ఉంది. అడగకుండా జుట్టు రాలిపోతే, ఆ తర్వాత ఏదైనా జరిగితే, ఆ నింద చచ్చేదాకా తన మెడకే. తల్లి అనదు, భార్య అనదు. తనకు తానే అనుకుంటాడు, రోజూ. ఇలా రెండు వైపులా తూకం వేసుకుంటూ ఉండగా పూంగొడి పక్కకు వచ్చి నిలబడింది. ఐదేళ్ళలో ఆమె ఈ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"నాకు మొక్కూ వద్దు, జుట్టూ వద్దు. అమ్మవారితో మీరూ అత్తయ్యా తేల్చుకోండి. పిల్లాడికి సూది గుచ్చుతుంటే పట్టుకోవడానికి నాకు పక్కన ఒక మనిషి లేడు. నా తమ్ముణ్ణి తీసుకురా" అంది.

మీరు అని మొదలెట్టి తీసుకురా అని ముగించింది. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆమె వాణ్ణి అలా అనడం అదే మొదలు.  పక్కన మనిషి లేడన్న మాట సెంగోడన్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మేనమామని పిలవడానికి పద్ధతి ఒకటుంది. తొలి పత్రిక ఆయనకే ఇవ్వాలి, తాంబూలంతో, ఇంటికి వెళ్ళి, నిలబడి. మర్నాడు తిరుచెంగోడులో బస్సు దిగగానే సెంగోడన్ ప్రెస్సుకు వెళ్ళి ఒక్క పత్రిక వేయమన్నాడు. ఒక్కటి వేయం, వందకి తక్కువ కుదరదన్నారు. అక్కడి నుంచి సరాసరి షెడ్డుకు వెళ్ళి తెల్ల అట్ట ఒకటి కోసి, లారీ రంగుల డబ్బాలు తెరిచాడు. చెయ్యి కుదుర్చుకోవడానికే అరగంట పట్టింది. పైన అమ్మవారి పేరు. దాని కిందే నాచిముత్తు, మేనమామ, ఎర్ర రంగు, పసుపు అంచు, నీలం నీడ. కొత్త బండి నుదుటి మీద రాసినట్టు. ఆ తర్వాత ముగిలన్. తన పేరు అడుగున, మూలలో. ఓనరు రాజమాణిక్యం అటుగా వచ్చి, వంగి చూసి, తన పేరు లేదేమని అడగకుండానే వెళ్ళిపోయాడు.

కోళ్ళ ఫారం గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. నాచిముత్తు మేత బస్తాలు దింపిస్తున్నాడు. బావని చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. శత్రువుకైనా నీళ్ళివ్వాలి కాబట్టి ఇచ్చింది. సెంగోడన్ తాగి, చెంబు కింద పెట్టి, ఆకులూ వక్కలూ కొబ్బరికాయా ఉన్న పళ్ళెంలో అట్ట పెట్టి రెండు చేతులా చాచాడు. వయసులో చిన్నవాడి ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

నాచిముత్తు పళ్ళెం అందుకోలేదు. మెడ వంచి అట్ట చదివాడు.

"ఇంత లావు అక్షరాలా? నేనేమన్నా లారీనా బావా?"

సెంగోడన్ నవ్వలేకపోయాడు.

"అప్పుడు చోటు చాలక కాదు" అన్నాడు. "చోటుంది. ఓనరు కంట్లో పడదామని ఆయన్ని పైకెత్తాను. నిన్ను కిందికి దించింది నేనే, తెలిసే దించాను. ఇవాళ నీ ఒడి కావాలి. శుక్రవారం దాటితే జుట్టుండదు."

ఈ మాట ఐదేళ్ళ కిందట చెప్పి ఉంటే నాచిముత్తు కోడిపులుసుతో భోజనం పెట్టి పంపేవాడు.  పిల్లాడి సంగతి తెలుసు అన్నాడు. అక్క ఫోను చేసిందట. పోయిన గురువారం ఆసుపత్రి గేటు దాకా వచ్చాడట. పిలవకుండా మేనమామ ఎలా వస్తాడని గేటు దగ్గరే టీ తాగి బస్సెక్కాడట. సెంగోడన్‌కి వాణ్ణి అక్కడికక్కడే రెండు తన్నాలనిపించింది. ఆ గురువారమే పిల్లాడికి వెన్నులో సూది వేశారు. పూంగొడి ఒక్కతే పట్టుకుంది. తను అవతల ఉన్నాడు, వీడు గేటు బయట ఉన్నాడు. మగవాళ్ళిద్దరి పౌరుషమూ కలిపి ఆమెకి ఒరిగిందేమీ లేదు. తన్నాల్సి వస్తే ముందు ఎవరిని తన్నాలో సెంగోడన్‌కి తెలిసింది కాబట్టి ఊరుకున్నాడు.

నాచిముత్తు పళ్ళెం అందుకున్నాడు.

శుక్రవారం పొద్దున అంగమ్మాళ్ దువ్వెన పెట్టబోయి ఆపేసింది. దిండు మీద వెంట్రుకలు గుప్పెడు పడి ఉన్నాయి. వాటిని ఏరి పసుపు గుడ్డలో కట్టి, మిగతా జుట్టు చేత్తో కూడా తాకనివ్వకుండా మనవణ్ణి దిండుకి ఆనుకోకుండా కూర్చోబెట్టింది. పదింటికి మిషన్ పట్టుకుని అతను వచ్చాడు. పదీ పదికి నాచిముత్తు వచ్చాడు. తెల్ల పంచె, నుదుట కుంకుమ, చేతిలో పెద్ద పళ్ళెం. అందులో పిల్లాడికి పట్టు పంచె, చొక్కా, చెవులకు పెట్టలేని చిన్న బంగారు పోగులు, మేనమామ తలకు చుట్టుకునే కొత్త జరీ తుండు. పూంగొడి తమ్ముణ్ణి చూసి గాజు తలుపు దాకా పరిగెత్తింది. తలుపు దగ్గర వాడు తుమ్మాడు.

వార్డు నర్సు సిస్టర్ రెజీనా కుర్చీలోంచి లేచింది. వాడు రెండోసారి తుమ్మాడు. ముక్కు ఎర్రగా ఉంది.

జలుబా అని ఆమె అడిగింది. జలుబు కాదు, కోళ్ళ మేత దుమ్ము, నాకు ఏడాది పొడుగునా ఉండేదే అన్నాడు నాచిముత్తు. దుమ్ముకి గొంతు కూడా బొంగురు పోతుందా అని ఆమె అడిగింది. అంగమ్మాళ్ బతిమాలింది. ముక్కుకు రెండు గుడ్డలు కట్టి పంపమంది. సెంగోడన్ కూడా నోరు చేసుకున్నాడు, ఐదేళ్ళ తర్వాత వచ్చాడమ్మా అన్నాడు. సిస్టర్ కదల్లేదు. లోపల తొమ్మిది మంది పిల్లలున్నారు, ఒక్కళ్ళకీ జలుబుని తట్టుకునే రక్తం లేదు, మీవాడికీ లేదు, మేనమామ అయినా మంత్రి అయినా గీత దాటనివ్వను అంది.

నాచిముత్తు వాదించడానికి నోరు తెరిచాడు. అప్పుడే గాజులోంచి లోపలి మంచాలు కనిపించాయి. వరసగా గుండు తలలు, చేతులకు గొట్టాలు. చివరి మంచం మీద, ఉబ్బిన ముఖంతో, జడతో, తన వైపే చెయ్యి ఊపుతున్న పిల్లాణ్ణి వెంటనే గుర్తుపట్టలేకపోయాడు. ఐదేళ్ళ కిందట వాడు పాకుతుండేవాడు. నాచిముత్తు నాలుగడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. మిషన్ అతను గడియారం చూసుకున్నాడు. మళ్ళీ వచ్చేది పై శుక్రవారం అన్నాడు. అప్పటికి ఏమీ మిగలదని అందరికీ తెలుసు.

నాచిముత్తు పళ్ళెంలోంచి, ప్లాస్టిక్ సంచి విప్పకుండానే, తుండు తీసి చెయ్యి బాగా చాచి బావకు అందించాడు.

"నువ్వు చుట్టుకో. నువ్వే కూర్చోబెట్టుకో. ఇవాళ్టికి నువ్వు మేనమామవి, నేను వాడి నాన్నని."

"అదెట్లా చెల్లుతుంది?"

"నేను ఇస్తే చెల్లుతుంది. నా ఒడి, నా ఇష్టం. నాన్న చెయ్యాల్సిందేముంది, బయట నిలబడటమే కదా. అది నేను చేస్తాలే."

వాడు వేళాకోళానికే అన్నాడు. సెంగోడన్‌కి పదమూడు రోజులూ ఒక్కసారిగా ముఖాన కొట్టినట్టయింది. అంగమ్మాళ్ వైపు చూశాడు. ఆమెకి ఇలాంటి వెసులుబాటు ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా, ఇవ్వాల్సినవాడు ఇచ్చాడు కదా, తీసుకో అంది.

చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు కట్టుకుని, తలకు జరీ తుండు చుట్టుకుని సెంగోడన్ చివరి గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. పూంగొడి కొడుకుని ఎత్తి భర్త ఒళ్ళో పెట్టింది. ముఖం అంత ఉబ్బినా ఒంట్లో బరువు లేదు. తొడల మీద పిల్లాడి ఎముకలు గుచ్చుకున్నాయి.

"మామ ఒళ్ళో అన్నారుగా?" అన్నాడు ముగిలన్.

"మామే పంపాడురా."

పిల్లాడు తలుపు వైపు చూశాడు. దూరంగా గాజు అవతల నాచిముత్తు తల ఊపాడు. సరేనన్నట్టు ముగిలన్ మెడ వంచాడు. అంగమ్మాళ్ కింద పసుపు గుడ్డ పరిచి అమ్మవారి పేరు తలచుకుంది. మిషన్ బుర్రుమంది. జడ మొత్తంగా గుడ్డ మీద పడింది, తర్వాత మిగిలినదంతా పాయలు పాయలుగా. లారీ నుదుటి మీద వేలెడు మందం గీత తొణక్కుండా లాగే చేతులు సెంగోడన్‌వి. ఆ చేతులు పిల్లాడి పొట్ట చుట్టూ ఉండి వణకడం మొదలెట్టాయి. స్టూలు టకటకమంది.

"నాన్నా, కదలకు" అన్నాడు ముగిలన్, తల ఎత్తకుండా. "కదిలితే తెగుద్ది. తెగితే నాకు రక్తం ఆగదు. సూది వేసేటప్పుడు అమ్మ అసలు కదలదు."

సెంగోడన్ పళ్ళు బిగబట్టి కదలకుండా కూర్చున్నాడు. ఎంత కష్టమో వాడికి తెలిసింది. ఈ పిల్లాడు లేకుండా తాను బతకలేడు. ఆ మాట పదమూడు రోజులుగా వరండాల్లో, మందుల వరసల్లో ఎక్కడా మనసులోకి రానివ్వలేదు. ఇప్పుడు వచ్చింది, పోలేదు.

మిషన్ ఆగింది. అంగమ్మాళ్ గుడ్డ నాలుగు కొసలూ కలిపి ముడి వేసి తలుపు వైపు పట్టుకెళ్ళింది, నాచిముత్తు చేత గుడికి పంపించడానికి. మిషన్ అతను వైరు చుట్టుకుంటున్నాడు. వాణ్ణి ఇటివ్వండి, పడుకోబెడతాను అని పూంగొడి చేతులు చాచింది. వెచ్చటి గుండు సెంగోడన్ ఛాతీకి ఆనుకుని ఉంది.

"అయిపోయింది కదా. దిగనా నాన్నా?"

"ఉండు" అన్నాడు సెంగోడన్. "ఇంకాసేపు కూర్చో."